రెండు మిల్లీమీటర్ల తేడా

మా బావమరిది మిషిగన్‌లో ఉంటాడు. అక్కడ మంచు మొదలైతే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు తగిలితే కారు తుప్పుపడుతుందని, పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్ళు దాన్ని చలికాలమంతా గ్యారేజీలో ముసుగు వేసి పడుకోబెడతారు. పడుకున్నదాన్ని పడుకోనిస్తే ఏ గొడవా లేదు. మావాడికి ఊరికే ఉండడం చేతకాదు. ఇంజను దింపి విప్పాడు.

కారు 1986 నాటి పోర్షా 911 కరెరా. 3.2 లీటర్ల ఇంజను, ఇటు మూడు అటు మూడు సిలిండర్లు, ఒక్కో వైపుకు ఒక్కో క్యామ్‌షాఫ్టు. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంత లేవాలో, ఎప్పుడు మూసుకోవాలో ఆ కడ్డీ మీది బుడిపెలే నిర్ణయిస్తాయి. అమెరికాకు వచ్చిన ఆ ఏటి కారుకు 207 గుర్రాల శక్తి. ఆఫీసుకు, కూరగాయల దుకాణానికి తప్ప ఎక్కడికీ వెళ్ళని మనిషికి ఆ గుర్రాలు చాలలేదు.

"1973లో 911 ఎస్ ఇంజను 2.4 లీటర్లే బావగారూ, అయినా 190 గుర్రాలు! మహత్యమంతా క్యామ్‌షాఫ్టులోనే ఉంది. అవే తెచ్చి ఇందులో వేస్తున్నాను."

ఇంజన్ల గురించి నాకు తెలిసింది తక్కువే గాని, ఆ తక్కువలోనే ఒక సంగతి ఉంది. ఎస్ క్యామ్‌షాఫ్టుతో, గాలి వచ్చే వాల్వూ పొగ పోయే వాల్వూ చాలాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. నిదానంగా తిరిగేటప్పుడు గాలి వెనక్కి తన్నుతుంది. ఆ కాలపు మెకానికల్ ఇంజెక్షన్ దాన్ని పట్టించుకోదు. 1986 కారులో మాత్రం గాలి దారిలో ఒక రేకు తలుపు ఉంటుంది. అది ఎంత తెరుచుకుంటే అంత గాలి వచ్చిందని కంప్యూటర్ లెక్క. వెనక్కి తన్నే గాలికి ఆ తలుపు టపటప కొట్టుకుంటే కంప్యూటర్ లెక్క తప్పుతుంది కదా అన్నాను. వాడు నా వైపు జాలిగా చూసి, "మీరు టార్చిలైటు పట్టుకోండి బావగారూ" అన్నాడు.

పట్టుకున్నాను. బుడిపె తోస్తే వాల్వును నొక్కే మీటలు, అంటే రాకర్లు, పన్నెండూ ఊడాయి. ఏది ఏ వాల్వుదో తెలియాలని గుడ్ల అట్టపెట్టెలో వరుసగా పెట్టి, గుంట గుంటకూ అంకె రాశాడు. గుడ్లు మాత్రం చెల్లెమ్మ వంటగట్టు మీద దొర్లుతున్నాయి. పాత క్యామ్‌షాఫ్టులు రెండూ బయటికొచ్చాయి. కొత్తగా కొన్న పాతదానికి నూనె రాసి, అరచేతిలో ఆనించి మెల్లగా లోపలికి తోశాడు. సర్రున దూరిపోయింది.

"చూశారా! జర్మనీవాడి పనితనం. వెన్నలోకి దిగినట్టు దిగింది!"

అంత సులువుగా దిగితే నాకైతే అనుమానం వచ్చేది. వాడికి ఆనందం వచ్చింది. కొస పట్టుకుని ఆడించాక వచ్చింది అనుమానం. లోపలినుంచి టకటకమని చప్పుడు. ఇంకోసారి ఆడించాడు. ఇంకా స్పష్టంగా టకటక. ముఖం పాలిపోయింది. నేనే వెళ్ళి వెర్నియర్ క్యాలిపర్ తెచ్చి ఇచ్చాను. ఎస్ షాఫ్టు మెడ, అంటే గూట్లో ఆని తిరిగే భాగం, మందం 47 మి.మీ. కారులోంచి తీసింది కొలిచాడు. 49.

డెబ్బైల్లో మూడు లీటర్ల ఇంజన్లు వచ్చిన తరుణంలో పోర్షావాళ్ళు ఆ మెడ లావు చేశారు. 911లో క్యామ్‌షాఫ్టు నేరుగా అల్యూమినియం గూట్లోనే తిరుగుతుంది, మధ్యలో బేరింగు షెల్లులంటూ ఉండవు. రెండు మిల్లీమీటర్ల సందుంటే నూనె ఒత్తిడి నిలవదు. అమ్మినవాణ్ణి తిడదామంటే పాపం అతను 1973 అని స్పష్టంగా రాశాడు. అబద్ధమాడనివాణ్ణి తిట్టడం ఎంత కష్టమో ఆ రాత్రి చూశాను.

చెల్లెమ్మ తలుపు దగ్గరికొచ్చి, "అన్నయ్యగారూ, అయిపోయిందా? నా కారు మంచులో ఉంది" అంది. మేమిద్దరం ఇంజను వైపు చూశాం. ఆవిడ గుడ్ల పెట్టె వైపు చూసి, ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

చివరికి అందరూ వేసేదే తెప్పించాడు, 1989లో వచ్చిన 911 తర్వాతి తరం, 964 అనేదాని క్యామ్‌షాఫ్టులు. మెడ సరిపోయింది, బుడిపెలూ నెమ్మదస్తులే. ఇక టైమింగు, అంటే వాల్వులు తెరుచుకునే వేళ సరిచేయడం. పిస్టను పైకొచ్చినప్పుడు గాలి వాల్వు 1.26 మి.మీ. లేచి ఉండాలి. ఆ లేవడాన్ని కొలిచే డయల్ గేజి ముల్లు సరిగ్గా అక్కడే ఆగేది. బిగించేసరికి 1.19. వదులు చేస్తే మళ్ళీ 1.26. బిగిస్తే మళ్ళీ జారేది. ఆ ముల్లును చూస్తూ మావాడు తెలుగులో ఏమేమి అన్నాడో రాయను. జర్మనీలో తయారైన గేజి కాబట్టి దానికి అర్థం కాలేదు.

ఎస్ షాఫ్టులు ఇప్పుడు అమ్మకానికి పెట్టాడు. ప్రకటనలో మొదటి వాక్యమే, "మెడ మందం 47 మి.మీ. 3.2 ఇంజనులో పట్టవు." ఇంతవరకు ముగ్గురు ఫోను చేశారు. ముగ్గురూ అడిగింది ఒకటే: "3.2లో పడతాయా అండీ?"