అప్పుడు కాకినాడ, ఇప్పుడు విశాఖ

వైసీపీకి చెందిన విశాఖ మేయర్ గొలగాని హరి వెంకటకుమారిని 2025 ఏప్రిల్ 19, శనివారం అవిశ్వాస తీర్మానంతో దించేశారు. కార్పొరేటర్లవీ, ఎమ్మెల్యేలు, ఎంపీల వంటివాళ్లవీ కలిపి మొత్తం ఓట్లు 111. దించడానికి కావాల్సినవి మూడింట రెండొంతులు, అంటే 74, పడ్డవి సరిగ్గా 74. కార్పొరేటర్లను దాచిపెట్టే క్యాంపుల భాగోతం నెల రోజులు నడిచింది, పాఠకులు రోజూ చదివిందే, మళ్లీ చెప్పక్కర్లేదు. ఒక్క లెక్క మాత్రం చూడండి. 2021 మార్చిలో ఈ నగర ఓటర్లు 98 వార్డుల్లో వైసీపీకి 58, తెలుగుదేశానికి 30 ఇచ్చారు. ఆ తర్వాత ఈ అవిశ్వాసం దాకా జీవీఎంసీకి, అంటే విశాఖ నగరపాలక సంస్థకు, మళ్లీ ఎన్నికలు జరగలేదు. మరి బలాబలాలు ఎలా తిరగబడ్డాయి? 2024లో రాష్ట్రంలో వైసీపీ పోయి తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమి ప్రభుత్వం వచ్చింది. జరిగింది అంతే.

సభ్యుల విశ్వాసం పోయిన మేయర్ కుర్చీలో ఉండకూడదని, ఈ నాలుగేళ్లలో నగరానికి ఒరిగిందేమీ లేదని కూటమి నేతలు అంటున్నారు. నాలుగేళ్లు నిండాక అవిశ్వాసం పెట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది కూడా. మార్చిలో గడువు తీరిందో లేదో నోటీసు పడింది. చట్టప్రకారం తప్పు పట్టడానికి లేదు.

కానీ కాకినాడ గుర్తుందా? 2017లో అక్కడ పోలింగ్ జరిగిన 48 డివిజన్లలో 32 గెలిచి తెలుగుదేశం సుంకర పావనిని మేయర్‌ను చేసింది. 2019లో ప్రభుత్వం మారి వైసీపీ వచ్చింది. నాలుగేళ్లు ఎప్పుడు నిండుతాయా అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. నిండగానే, 2021 అక్టోబర్‌లో, ఆమెను దించేశారు. గెలిపించిన పార్టీ కార్పొరేటర్లే అటు చేరారు. అప్పుడు అన్యాయమన్నది తెలుగుదేశం, అంతా చట్టప్రకారమే అన్నది వైసీపీ. ఇవాళ ఇద్దరూ ఒకరి డైలాగు ఒకరు అప్పజెప్పుకుంటున్నారు. సిగ్గుపడిన ముఖం ఒక్కటీ కనపడలేదు.

మా భయం విశాఖ గురించి మాత్రమే కాదు. రెండుసార్లు జరిగింది, మూడోసారీ జరుగుతుంది. ఎమ్మెల్యేలకు, ఎంపీలకు ఉన్న పదో షెడ్యూలు, అంటే రాజ్యాంగంలోని ఫిరాయింపుల నిరోధక నిబంధన, కార్పొరేటర్లకు లేదు. విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరిస్తే వేటు పడుతుందన్న నిబంధన ఉన్నా దాన్ని చూసి ఆగినవాళ్లు తక్కువే. పైగా ఎక్స్‌అఫీషియో హోదాలో, అంటే తమ పదవి రీత్యా దక్కే సభ్యత్వంతో, ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా వచ్చి ఓటేస్తారు. కార్పొరేటర్లు కానివాళ్లు కూడా మేయర్ ఉండాలో పోవాలో తేలుస్తారన్నమాట. హైదరాబాద్‌లో ఇంకో దారి చూశాం. 2021లో టీఆర్‌ఎస్ తరఫున మేయరైన గద్వాల విజయలక్ష్మి, రాష్ట్రంలో ప్రభుత్వం మారాక 2024 మార్చిలో కాంగ్రెస్‌లో చేరారు. కుర్చీ పదిలంగా నిలిచింది. అంటే సచివాలయంలో ఎవరుంటే మేయర్ కూడా వాళ్ల మనిషే కావాలి. మారితే ఉంటారు, మారకపోతే పోతారు. ఇక జనం మునిసిపల్ ఓటు వేసేదెందుకు?

క్యాంపు అంటే ఏమిటో కార్పొరేటర్ల ఇళ్లలో అడిగితే చెబుతారు. రాత్రికి రాత్రి బ్యాగు సర్దుకోవడం, ఊరి పేరు బయటికి పొక్కనివ్వకపోవడం, ఫోన్ స్విచ్ఛాఫ్. ఇక్కడ ఎండలు ముదిరి కుళాయి దగ్గర బిందెల వరస పెరుగుతుంటే, కాలువ పొంగి మురుగు గుమ్మం దాకా వస్తుంటే, ఫోన్ చేసిన మనిషికి వినపడేది ‘మీరు సంప్రదించాలనుకున్న వ్యక్తి అందుబాటులో లేరు’ అనే రికార్డు. ఆ వ్యక్తి ఏ రిసార్టులో ఉన్నాడో ఆయనకు ఓటేసినవాళ్లకే తెలియదు.

ఇలాంటి చోట పదికాలాలు నిలిచే మేయర్ ఎలా తయారవుతాడు? కెనడాలోని మిసిసాగాకు హేజెల్ మెక్‌కాలియన్ 1978 నుంచి 2014 దాకా మేయర్. ఆమె మీద ఆరోపణలు రాలేదని కాదు, ప్రయోజనాల వైరుధ్యం వివాదాలు కోర్టుకూ ఎక్కాయి. అయినా ఉంచాలా దించాలా అన్నది ప్రతిసారీ ఓటర్లే తేల్చారు. అంత దూరం ఎందుకు, రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గా చేసిన ప్రకాశం పంతులు తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు. ఇదే విశాఖలో మేయర్‌గా చేసిన సబ్బం హరి 2009లో అనకాపల్లి ఎంపీ అయ్యారు. ఆ నిచ్చెన ఇప్పుడు ఎక్కడుంది? 2012లో గడువు ముగిసిన విశాఖ కౌన్సిల్ మళ్లీ ఏర్పడింది 2021లోనే. తొమ్మిదేళ్లు అధికారులే ఏలారు. ఎన్నికలు పెట్టలేదేమని అప్పటి ఏ ప్రభుత్వాన్ని అడిగినా సాకులే. అన్నేళ్ల తర్వాత వచ్చిన కౌన్సిల్‌కైనా అయిదేళ్లు సొంతంగా బతికే యోగం లేకుండా చేశారు.

ఇంతా చేసి కొత్త మేయర్‌కు మిగిలింది పదకొండు నెలలు. అందులో సన్మానాలకు, శాలువాలకు ఎంత పోయిందో మేం లెక్కగట్టలేదు.

తెలుగుదేశం నేతలకు ఒక మాట. రేపు ప్రభుత్వం మారి మీ మేయర్‌ను ఇలాగే దించినప్పుడు మా ఆఫీసుకు ఖండన ప్రకటనలు పంపకండి, శనివారం నాటి మీ ఫొటోలే పక్కన వేస్తాం. వైసీపీ నేతలు ముందు కాకినాడ వెళ్లి అక్కడి ఓటర్లకు క్షమాపణ చెప్పి రండి. విశాఖ గురించి అప్పుడు మాట్లాడుదురుగాని.