సముద్రపు క్రమశిక్షణ లేమి

ఒకసారి చూసి మెచ్చుకున్న చోటు, మనం మళ్లీ వెళ్లేదాకా అలాగే ఉండి తీరాలి. ఇది యాత్రికుడి కనీస హక్కు. ఈ దేశంలో సమాచారానికి హక్కు ఉంది, విద్యకు హక్కు ఉంది, దీనికి మాత్రం ఏ చట్టమూ లేదు. అందువల్లనే, చాలా ఏళ్ల తర్వాత కాకినాడ నుంచి ఉప్పాడ దాకా తీరం వెంట వెళ్లిన నాలాంటి బాధ్యతగల పౌరుడు పాత ఫోటో చేతపట్టుకుని, అందులో తాను ఆనుకుని నిలబడ్డ కొబ్బరిచెట్టు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

వలలు సర్దుకుంటున్న ఒక మత్స్యకారుణ్ని అడిగాను. ఆయన ఫోటో చూసి, సముద్రం వైపు చెయ్యి చాపి, "అదుగోనండి, ఆ పడవ ఉందే, అక్కడ" అన్నాడు. అంతటితో ఆగక, "దానికి ఇవతలగా మా ఇల్లు ఉండేదండి. మా నాన్నగారి ఇల్లయితే ఇంకా అవతల" అని కూడా చెప్పాడు. నేను అడిగింది చెట్టు గురించి. మాట ఇలా పక్కదారి పట్టించడం వల్లనే మన పర్యాటకరంగం వెనకబడి ఉంది.

ప్రభుత్వాల వైపు నుంచి లోపమేమీ లేదని ముందే చెప్పాలి. తీరం వెంట రోడ్డు వేశారు. తుపాను దాన్ని కోసేసింది. మళ్లీ వేశారు. బండరాళ్లు పోశారు. ఇసుక నింపిన పెద్ద పెద్ద జియోట్యూబులు పరిచారు. సముద్రం వాటినీ చింపింది. మళ్లీ బండరాళ్లు పోశారు. ఒకే రోడ్డును ఇన్నిసార్లు ఇంత శ్రద్ధగా వేసిన ఉదాహరణలు ప్రపంచంలో అరుదుగా ఉంటాయి. అవతలి పక్షం తీరు చూడండి. అంచనాలు వెయ్యదు, టెండర్లు పిలవదు, బిల్లులు పెట్టదు, ఒక్క రాత్రిలో పని ముగించుకుని పోతుంది. ఈ పని సంస్కృతి ఇతర శాఖలకు పాకితే వ్యవస్థ ఏం కావాలి?

పైగా అది నిబంధనలతో ఆడుకుంటోంది. 1991 నుంచి మనకు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఉన్నాయి. పోటు నీరు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా నియంత్రిత ప్రాంతమని స్పష్టంగా రాసుకున్నాం. సముద్రం ఆ గీతనే భుజాన వేసుకుని ఊళ్లోకి నడిచివస్తోంది. దాంతో ఎప్పుడో కట్టిన ఇల్లు అంగుళం కదలకుండానే నియంత్రిత ప్రాంతంలోకి వచ్చి చేరుతుంది, మరికొన్నాళ్లకు నీళ్లలోకి. ఆ ఇంటాయన అప్పుడు ఏ కార్యాలయానికి వెళ్లాలో నిబంధనల్లో లేదు.

నష్టపరిహారం విషయంలో మాత్రం సముద్రాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. తుపాను వెలిసిన మర్నాడు ఉప్పాడ జనం ఒడ్డున కూర్చుని, తడి ఇసుక జల్లించి బంగారు రవ్వలు ఏరుకుంటారు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఈ సంగతి పత్రికలన్నిటా వచ్చింది. కూలిన పాత ఇళ్లవీ గుళ్లవీ అని అక్కడివాళ్లు అంటారు. అంటే మింగినదాంట్లో కొంత, దరఖాస్తు అడగకుండా, మరుసటి రోజే, లబ్ధిదారుడి చేతికే. మిగతా శాఖలు గమనించగలవు.

ఇంత జరిగినా నిపుణులు సముద్రాన్ని వెనకేసుకొస్తున్నారు. ఇసుక తీరం వెంట ఉత్తరంగా ప్రయాణిస్తుందట. గోదావరి తెచ్చి పోస్తేనే ఆ ప్రయాణం సాగుతుందట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత ఎగువన ఒక్కొక్క జలాశయమే వెలిసేకొద్దీ కిందికి దిగే ఒండ్రు తగ్గిందని, వచ్చే కాస్త ఇసుకకూ రేవు కోసం కట్టిన గోడలు అడ్డుపడ్డాయని వాళ్ల వాదన. కాటన్ దొరకు ఊరూరా విగ్రహం పెట్టుకున్న గోదావరి సీమలో ఇసుకకు ఒక్క విగ్రహమూ లేని మాట నిజమే. కానీ ఇసుకను మనం ఆదరించలేదనడం అన్యాయం. ఏటిలో నిలిచిన ఇసుకను లారీలెక్కించి నగరాలకు తీసుకెళ్లి, అపార్ట్‌మెంట్లలో అంతస్తుల మీద అంతస్తులుగా నివాసం కల్పించాం. సముద్రంలో దానికి ఏం దక్కేది?

ఇక ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ సంగతి. కాకినాడకు ముందు సుమారు 16 కిలోమీటర్ల పొడవున పడి ఉన్న ఈ ఇసుక దిబ్బ వయసు రెండు వందల ఏళ్లకు మించదు. గోదావరి పాయ తెచ్చిన ఇసుకను అలలు పేర్చుకుంటూ పోతే తయారైంది. ఎవరూ శంకుస్థాపన చెయ్యలేదు. దాని వెనక నీళ్లు నిలకడగా ఉండబట్టే ఓడలు నిశ్చింతగా లంగరు వేస్తున్నాయి, తుపాను ఉప్పెనల దెబ్బ కాకినాడ మీద నేరుగా పడడం లేదు. 1839 నవంబరులో పెనుతుపాను తుడిచిపెట్టిన కోరంగి రేవును తలచుకుంటే దీని విలువ తెలుస్తుంది. అయితే ఏ లేఅవుట్ అనుమతీ లేకుండా ఇది ఉత్తరానికి పెరుగుతోంది. కాకినాడకు గొడుగు పడుతూ, ఆ గొడుగు అంచు నీళ్లు ఉప్పాడ నెత్తిన కారుస్తోంది. జిల్లా కేంద్రానికి నీడ, జాలరిపేటకు ముంపు. ఇదొక్కటీ మాత్రం మన పరిపాలనా సంప్రదాయానికి తగినట్టే ఉంది.

పడవెక్కి దీవికి వెళ్లాను. గతంలో వెళ్లినప్పుడు అక్కడ ఏకాంతం ఉండేది. ఇప్పుడు ఏకాంతం కోసం వచ్చినవాళ్లు గుంపులు గుంపులుగా ఉన్నారు. ప్రతి ఒక్కరూ మిగతావాళ్లు ఫోటోలో పడకుండా ఉండాలని చూస్తున్నారు. వాళ్లు తాగి పడేసిన సీసాలను మాత్రం ఎవరూ అడ్డనుకోవడం లేదు. కోరంగి మడ అడవుల్లోని బావురు పిల్లి పగలు బయటికి రాదెందుకో కొంత అర్థమైంది.

నిజంగా మనసు నొప్పించినది తాబేళ్ల వ్యవహారం. ఆలివ్ రిడ్లే తాబేలు కూడా నాలాగే, ఏళ్ల తర్వాత తాను పుట్టిన తీరాన్ని వెతుక్కుంటూ వచ్చే జీవి. శీతాకాలం మధ్య నుంచి ఎండలు ముదిరేలోగా ఈ ఇసుకలో గుడ్లు పెడుతుంది. దారిలో ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చినవి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఆ సంగతి పత్రికల లోపలి పేజీల్లో వస్తుంది, మనం క్రీడల పేజీకి పోతాం. బతికి వచ్చినవాటి గుడ్లకు కంచె వేస్తారు, కాపలా పెడతారు, పిల్లలను లెక్కపెట్టి నీళ్లలోకి వదులుతారు. పాత తీరాన్ని వెతుక్కుంటూ వచ్చినందుకే ఇన్ని మర్యాదలైతే, మరి ఫోటో సాక్ష్యంతో సహా వచ్చిన నాకెందుకు లేవు?

ఈ మాటే అక్కడున్న ఉద్యోగిని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీరు గుడ్లు పెడతారా సార్?" అన్నాడు. లిఖితపూర్వకంగా జవాబిస్తానని చెప్పి వచ్చాను. ముసాయిదా సిద్ధమవుతోంది.