విశాఖ కంప్యూటర్లు బాగుపడకుండా చూడండి

విశాఖ మహానగర కంప్యూటర్ వినియోగదారులకు ఒక మనవి. ఈమధ్య కొందరు నాలుగు చిట్కాలు నేర్చేసుకుని ఎవరి కంప్యూటర్ వాళ్లే బాగుచేసేసుకుంటున్నారు. ఇది మంచి పద్ధతి కాదు. 'ఫార్మాట్ కొట్టేద్దాం సార్' అనే ఒక్క మాట మీద బతుకుతున్న ద్వారకానగర్ కుర్రాళ్లు ఏమైపోవాలి? అందుకే ఏ పని చేస్తే కంప్యూటర్ బాగుపడిపోయే ప్రమాదం ఉందో ముందుగా హెచ్చరిస్తున్నాం. తెలుసుకుని జాగ్రత్తగా తప్పించుకోండి.

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ కొట్టే ఆచారాన్ని మాత్రం వదలొద్దు. అది తెర మీది ఐకాన్లను మళ్లీ గీస్తుందంతే. ర్యామ్ (నడుస్తున్న పనులు తాత్కాలికంగా ఉండే మెమరీ) ఖాళీ చేయదు, వేగం పెంచదు. ఆచమనంలా మూడుసార్లు చేసి ఊరుకోవాలి, ఎందుకని అడగకూడదు.

అసలు ముప్పు రీస్టార్ట్‌తో ఉంది. "రోజూ రాత్రి బుద్ధిగా షట్‌డౌన్ చేస్తున్నాను, అయినా ఈ స్లో ఏటండీ బాబూ?" అనే పెద్దమనుషులు మర్రిపాలెం నుంచి మధురవాడ దాకా ఉన్నారు. వాళ్లను అలాగే ఉండనివ్వాలి. పొరపాటున కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కారంటే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి సీపీయూ మీద నొక్కితే కింద 'అప్ టైమ్' కనబడుతుంది. రాత్రే ఆపిన మెషిన్ అక్కడ ఇరవై రోజులుగా నడుస్తూనే ఉన్నట్టు చూపిస్తుంది! విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ మహిమ అది. షట్‌డౌన్ అనగానే మీ ప్రోగ్రాములన్నీ మూసేస్తుంది గానీ, విండోస్ గుండెకాయ అయిన కెర్నల్‌నీ, ప్రింటర్ వగైరా పరికరాలను నడిపే డ్రైవర్లనీ ఉన్నవి ఉన్నట్టు డిస్కులో దాచిపెట్టి, పొద్దున్నే మళ్లీ వాటినే ఎక్కిస్తుంది. నిన్న మొరాయించిన డ్రైవర్ ఇవాళా మొరాయిస్తుంది. రీస్టార్ట్ అలా కాదు, అన్నీ మొదటినుంచి ఎక్కిస్తుంది. కాబట్టి వారానికోసారి రీస్టార్ట్ చేసేవాళ్లనీ, షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ కొట్టేవాళ్లనీ ఓ కంట కనిపెట్టి ఉండాలి. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్‌లోకి పోయి, యాంటీవైరస్‌నీ టచ్‌ప్యాడ్‌నీ వదిలేసి, అక్కర్లేనివన్నీ డిసేబుల్ చేసే దుర్మార్గులు ఇంకా ఉన్నారు.

ఇక ప్రింటర్. దరఖాస్తుకు ఆఖరి తేదీ, గాజువాకలో ఒక నెట్ సెంటర్, వెనకాల లైను. ప్రింట్ కొట్టారు, రాలేదు. మన సంప్రదాయం ప్రకారం మళ్లీ కొట్టాలి. రాకపోతే మళ్లీ. క్యూలో పదిహేడు పేరుకుపోయాక ప్రింటర్ ఆపి మళ్లీ వేస్తారు, కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తారు, అయినా కదలదు. సగంలో చెడిపోయిన ఫైలు డిస్కు మీదే కూర్చుని, ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా ముందు నన్నే ప్రింట్ చెయ్యమని అడ్డం పడుతుంది. ఈ రహస్యం తెలిసినవాడు ఏం చేస్తాడో చూడండి. స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరుస్తాడు. ప్రింట్ పనులను వరసలో నిలబెట్టే ప్రింట్ స్పూలర్ మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ కొడతాడు. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ దాకా పోయి, పర్మిషన్ అడిగితే కంటిన్యూ అని, లోపలున్నవన్నీ తుడిచేస్తాడు. ఫోల్డర్‌ని మాత్రం ముట్టుకోడు, గడుసువాడు. తిరిగొచ్చి స్పూలర్‌ని స్టార్ట్ చేసి ఒక్కసారే ప్రింట్ కొడతాడు. రెండు నిమిషాల్లో కాగితం చేతికొస్తుంది. కొత్త ప్రింటర్ అమ్ముకుందామని ఆశపడ్డవాడి ఉసురు ఊరికే పోతుందా?

సముద్రం ఒక్కటే మన సర్వీసు రంగానికి నమ్మకంగా తోడ్పడుతోంది. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలి, చెమ్మ కలిసి ర్యామ్ కాంటాక్టుల మీద పొరలా పేరుకుంటాయి. ఓ పొద్దున బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, బీప్ బీప్ మంటుంది, తెర మీద బొమ్మ రాదు. 'మదర్‌బోర్డు పోయిందండీ' అనిపించుకోవడానికి ఇంతకంటే మంచి ముహూర్తం లేదు. దాన్ని అయిదు రూపాయల రబ్బరుతో చెడగొట్టేవాళ్లున్నారు. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు పోగొడతారు. క్యాబినెట్ ఇనుమును ఓసారి తాకి, చివర్ల క్లిప్పులు వదులుచేసి ర్యామ్ పైకి లాగుతారు. పసుప్పచ్చ కాంటాక్టులను తెల్ల రబ్బరుతో రెండువైపులా మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, గాడి సరిచూసుకుని, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కుతారు. చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది. అందుకే ఉక్కుపీచుతో గట్టిగా గీకమని మా సలహా. కాంటాక్టులు ఊడితే కొత్త ర్యామ్ కొనక తప్పదు కదా.

పొరపాటున మూసిన ట్యాబును కంట్రోల్, షిఫ్ట్, టీతో వెనక్కి తెచ్చుకోవడం, విండోస్ కీతో వీ నొక్కి, క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఒకసారి ఆన్ చేసుకున్నాక ఇందాక కాపీ చేసినవి చూసుకోవడం చిల్లర నేరాల కిందకి వస్తాయి. చూసీచూడనట్టు పోవచ్చు.

క్షమించరానిది బ్యాకప్. "సీ డ్రైవ్ పోయినా పర్లేదు, డీలో ఉంది" అనే ధీమా మన ఇళ్లలో చాలాచోట్ల ఇంకా చెక్కుచెదరలేదు, సంతోషం. చాలా కంప్యూటర్లలో ఆ రెండూ ఒకే డిస్కుకు గీసిన రెండు వాటాలన్న సంగతి డిస్కు పోయినరోజే తెలియాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని చితక్కొట్టాక కూడా, ఎక్స్‌టర్నల్ డిస్కు కొన్నవాళ్లు దాన్ని అదే టేబుల్ మీద, అదే కిటికీ పక్కన, ఎప్పుడూ యూఎస్‌బీకి గుచ్చే ఉంచి పరువు నిలబెడుతున్నారు. పిడుగు పడ్డా, వైరస్ వచ్చినా రెండూ కలిసే పోతాయి. అలాక్కాకుండా నెలకోసారి పెళ్లి ఫోటోలు, సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజుల స్కాన్‌లు కాపీ చేసి, డిస్కు పీకేసి, తీసుకెళ్లి అనకాపల్లిలో అత్తగారి బీరువాలో పెట్టే ప్రబుద్ధులూ ఉన్నారు. అలాంటి ఇంటికి డేటా రికవరీవాడు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?