కాళ్లు కట్టి వేలాడదీస్తే కోడి నిద్రపోదు, భయంతో బిగుసుకుపోతుంది

మళ్లీ అదే మెసేజ్. "నాటుకోడిని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లేవారికి పెద్దల చిట్కాలు, పదిమందికీ పంపండి" అంటూ కావలి నుంచి ఒకరు, పొదిలి నుంచి ఒకరు, పుంజుల్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు కూడా పంపుతూనే ఉన్నారు. ఒక్కసారన్నా చదివి పంపుతున్నారా? అందులో ఉన్నది ఇదీ: కాళ్లు కట్టి తలకిందులుగా పట్టుకుంటే కోడి నిద్రపోతుంది. రెక్కలు రెండూ మెలివేస్తే కొట్టుకోదు. గోనెసంచిలో వేసి మూతి కట్టాలి. బయల్దేరే ముందు కడుపునిండా మేపి, నోట్లో నీళ్లు పోయాలి. ఎండైతే తడిగోనె కప్పాలి. గోల చేస్తే ఒక మూత బ్రాందీ పట్టాలి. చీకటి చేస్తే నెమ్మదిస్తుంది. మంగళవారం బయల్దేరకూడదు, కాలికి ఎర్రదారం కట్టాలి. జబ్బు చేసినవన్నీ ఒకే సంచిలో తీసుకెళ్తే ఒకటే ఖర్చు. అసలు ఒక్క కోడి కోసం డాక్టరు దాకా పోవడమే దండగ, చచ్చాక చూపిస్తే చాలు.

మంగళవారం జబ్బు ఆగదు కాబట్టి ఆ మాట వదిలేద్దాం. ఎర్రదారం కట్టి తీరాలంటే పెట్టెకు కట్టండి. వాచిన కాలికి దారం బిగిస్తే రక్తం ఆగి వేళ్లు నల్లబడతాయి.

తలకిందుల సంగతి మాత్రం వదిలేది కాదు. సంతలో పట్టుకున్నట్టే ఆసుపత్రికీ పట్టుకుపోతున్నారు కాబట్టి, దారిలోనే కోళ్ల ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి. కోడికి మనకున్నట్టు ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అనే అడ్డుపొర లేదు. దాని ఊపిరితిత్తులు పక్కటెముకలకు అతుక్కుని ఉంటాయి, మనవిలా ఉబ్బవు. గాలిని లోపలికి లాగి బయటకు తోసేవి ఒళ్లంతా విస్తరించిన గాలి సంచులు. రొమ్ము ఎముక కిందికీ పైకీ కదిలితేనే ఆ సంచులు పనిచేస్తాయి. కోడిని తిరగేసి పట్టుకుంటే కాలేయం, కందనకాయ, పేగులు అన్నీ జారి వాటి మీదే పడతాయి. అడ్డుపొర లేదు కదా, ఆపేది ఏముంది? ఆరోగ్యంగా ఉన్న కోడి కాసేపు తట్టుకుంటుంది. మనం ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆరోగ్యంగా ఉన్న కోడిని కాదు. నోరు తెరిచి గురగుర లాడుతున్న దాన్ని, మెడ వాల్చిన దాన్ని, కొక్కెర తెగులు (రాణిఖేత్) పట్టిన దాన్ని. దానికి ఉన్న కాస్త ఊపిరిని కూడా మనమే నొక్కేస్తున్నాం.

మెడ కింద మేత నిలిచే తిత్తి సంగతి ఇంకోటి. అందులో ఉన్న నీళ్లూ మేతా తలకిందులైతే గొంతులోకి దొర్లుకొస్తాయి. గాలిగొట్టం ద్వారం కోడి నాలుక మొదట్లోనే ఉంటుంది. అందులోకి నాలుగు చుక్కలు పోయినా చాలు, వైద్యం మొదలయ్యేలోపే కోడి పోవచ్చు. "జబ్బు ముదిరిపోయింది, డాక్టరు కూడా ఏమీ చెయ్యలేకపోయాడు" అంటారు. ముదిరింది దారిలో.

"మరి అట్టా పట్టుకుంటే గమ్మునుంటుంది కదా?" అని అడుగుతారు. అది నిద్ర కాదు, భయంతో బిగుసుకుపోవడం. మొదట రెక్కలు టపటపా కొట్టుకుని, ఆ తర్వాత వదిలేస్తుంది. తలకిందులుగా పట్టుకున్న కోళ్ల రక్తంలో కార్టికోస్టెరాన్ అనే ఒత్తిడి హార్మోన్ పెరగడం కొలిచి చూసిన విషయమే. పైగా బండి హ్యాండిల్‌కు వేలాడదీస్తే తల చక్రం ఊచల దగ్గరా, రెక్క సైలెన్సర్ దగ్గరా ఊగుతుంటుంది. తుంటి కీలు జారేదీ అప్పుడే. జంతువుకు అనవసరమైన బాధ కలిగేలా మోసుకెళ్లడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. కోడికి ఆ చట్టంలో మినహాయింపు లేదు.

పట్టుకునే పద్ధతి కష్టమేమీ కాదు. అరచెయ్యి వెల్లకిలా పెట్టి రొమ్ము కిందికి పోనివ్వండి. చూపుడువేలు రెండు కాళ్ల మధ్య ఉండాలి, మిగతా వేళ్లతో కాళ్లను మెత్తగా పట్టుకోవాలి. కోడి బరువంతా మీ ముంజేతి మీద పడాలి, దాని తల మీ మోచేతి వైపు ఉండాలి. రెండో చెయ్యి రెక్కల మీద ఊరికే ఆనించండి. రొమ్మును పిసకొద్దు, అది కదలకపోతే ఊపిరి లేదని ఇందాకే చెప్పుకున్నాం. రెక్కలు మెలివేసే చిట్కాకు జవాబు ఒక్కటే: భుజం కీలు తప్పితే ఆ రెక్క మళ్లీ మామూలు కాదు. తువ్వాలు చుట్టండి, తల బయట పెట్టండి, చాలు.

గోనెసంచి వద్దు. అందులో కోడి నిలబడలేదు, రెట్టలోనే పొర్లుతుంది, తన ఊపిరి వేడి తన మీదికే వస్తుంది. బదులుగా వాడాల్సినవి మన ఊళ్లలో ఊరికే దొరుకుతాయి. యాపిల్ అట్టపెట్టెకు చిల్లులు ఉండనే ఉంటాయి. లేదంటే రెండు టమాటా ట్రేలు తీసుకుని ఒకదాని మీద ఒకటి బోర్లించి నాలుగు మూలలా తాడుతో కట్టండి. ఒక్క పెట్టకు అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు సరిపోతుంది. పందెం పుంజుకు తల వంచకుండా నిలబడేంత ఎత్తు ఉండాలి. మరీ పెద్దది వద్దు, బ్రేకు పడినప్పుడల్లా ఆ గోడకూ ఈ గోడకూ కొట్టుకుంటుంది. మామూలు అట్టపెట్టె అయితే రూపాయి బిళ్లంత చిల్లులు నాలుగు పక్కలా, పైవరసా కిందివరసా పొడవండి. మూత మీద మాత్రమే పొడిస్తే దాని మీద ఎవరో ఒకరు సంచి పెట్టేస్తారు.

అడుగున న్యూస్‌పేపర్ ఒక్కటే వేస్తే కాళ్లు జారి చెరోపక్కకు పోతాయి. ముందు మడతపెట్టిన గోనె, దాని మీద రెండంగుళాల వరిగడ్డి. ట్రే అయితే గోనె తప్పనిసరి, లేకపోతే వేళ్లు కంతల్లో ఇరుక్కుని విరుగుతాయి. కాలు విరిగిన కోడికి రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు పెట్టి, గుంటలో కూర్చున్నట్టు కూర్చోబెట్టండి. రక్తం కారుతుంటే పక్కన ఇంకో కోడిని పెట్టొద్దు, ఎంత స్నేహంగా ఉన్నా పొడుస్తుంది.

గుడ్డు ఇరుక్కున్న పెట్టను ఇంకా జాగ్రత్తగా చూడాలి. తోక దించి, ఒళ్లు నిటారుగా నిలిపి, ముక్కుతూ ఉంటుంది. పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తారో, లోపల గుడ్డు పగిలి పెంకు గుచ్చుకుంటుంది, చీము పడుతుంది. రెండు చేతులూ పక్కల నుంచి పట్టి ఎత్తి, గడ్డి మందంగా వేసిన పెట్టెలో దించండి.

ఇక ఎండ. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటుంది, ఫారెన్‌హీట్‌లో 106, 107. దానికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడమే దాని చెమట. రోహిణి కార్తెలో నెల్లూరు 40 దాటి కాగుతుంటే దానికి మిగిలిన దారి ఆ రొప్పు ఒక్కటే. పెట్టెను నాలుగు పక్కలా తడిగోనెతో మూసేస్తే లోపల గాలి ఉక్కపోసి ఆ రొప్పు కూడా పనిచెయ్యదు, తేమ నిండిన గాలిలో తడి ఆరదు కదా. సముద్రానికి దగ్గర్లో ఉన్న కొత్తపట్నం, కావలి లాంటి ఊళ్లలో ఈ చిట్కా మరీ ప్రమాదం. గడ్డకట్టిన లీటరు నీళ్ల బాటిల్ గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక మూల పెట్టండి. కోడి కావాలనుకుంటే ఆనుకుంటుంది, వద్దనుకుంటే జరుగుతుంది. ముక్కు కింద వేలాడే ఎర్రటి తమ్మెలకూ కాళ్లకూ తడిచెయ్యి రాయండి. తెల్లవారి బయల్దేరి, ఆసుపత్రి తలుపు తీసే వేళకు అక్కడుండండి.

కారులో అయితే ముందు సీటు వెనక, కింద పెట్టండి, డిక్కీలో వద్దు. ఎండలో ఆపిన కారు లోపల అరగంటలో 50 దాటుతుంది, "చీటీ రాయించుకుని వస్తా" అని వదిలిపోకండి. ఆటోలో వెనక ఇంజను మీద కాకుండా మీ ఒళ్లో పెట్టుకోండి. మోటారు సైకిలు అయితే వెనక కూర్చున్న మనిషి ఒళ్లో పెట్టె సమంగా ఉండాలి. స్కూటరు అయితే ముందు కాళ్ల దగ్గర పెట్టి తాడుతో బిగించండి.

చీకటి చేస్తే నెమ్మదిస్తుందన్న మాట నిజం. పల్చటి నూలు పంచె పైన కప్పండి, పక్కల చిల్లులు మూయకుండా. ఆ మెసేజ్‌లో ఉన్నవాటిలో ఇదొక్కటి ఎవరో కోళ్లు తెలిసినవాళ్లు రాశారు.

కడుపునిండా మేపడం వద్దు. గంటా రెండు గంటల ప్రయాణమైతే బయల్దేరే రెండు మూడు గంటల ముందు మేత ఆపండి. నీళ్లు మాత్రం బయల్దేరేదాకా ముందు ఉండాలి. పెట్టెలో నీళ్ల గిన్నె పెడితే ఒలికి గడ్డి తడుస్తుంది, దాని బదులు దోసకాయ ముక్కో పుచ్చకాయ ముక్కో వెయ్యండి. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో దూరం పోతుంటే గంటకోసారి నీడలో ఆపి గిన్నె చూపించండి. నోట్లో పోయడం మాత్రం ఎప్పుడూ వద్దు. ముక్కు కొన నీళ్లలో తాకించండి, కావాలంటే అదే తాగుతుంది.

బ్రాందీ చిట్కా రాసిన మనిషిని ఒక్కటే అడగాలి: ఊపిరాడక నోరు తెరిచిన ప్రాణి గొంతులో మందు పోస్తారా? గాలిగొట్టంలోకి పోతే వెంటనే పోతుంది, కడుపులోకి పోతే మత్తులో రొప్పడం మరిచి వేడికి పోతుంది. ఒంటి వేడి 46, 47కు చేరితే కోడి బతకదు. నిద్రమాత్రలూ అంతే.

ఊరికే కోపం రాలేదు. "జబ్బు చేసినవన్నీ ఒకే సంచిలో" అన్న మాట కోళ్లతో ఆగేది కాదు. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే, పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ తేలింది. అప్పుడు 1 కిలోమీటరు వరకు జబ్బు ప్రాంతం, 10 కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతం అని గీత గీయాల్సి వచ్చింది. అంత త్వరగా మర్చిపోయారా? ఒకటి రెండు రోజుల్లో నాలుగైదు కోళ్లు వరసగా పోతే, తమ్మెలు నీలంగా మారితే, తల వాస్తే, దేన్నీ కదిలించకండి. ఆసుపత్రికి వద్దు, సంతకు అసలే వద్దు, చుట్టాలింటికీ వద్దు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చెయ్యండి, లేదా రైతు సేవా కేంద్రంలో పశు సంవర్ధక సహాయకుడికి చెప్పండి. వాళ్లే వస్తారు. వచ్చేదాకా చచ్చినవాటిని ఒట్టి చేతులతో ముట్టకండి, పిల్లల్ని, కుక్కల్ని దూరంగా ఉంచండి.

ఒక్క కోడికే జబ్బు అయితే దాన్నొక్కదాన్నే పెట్టెలో తీసుకెళ్లండి. ఆ పొద్దు వేసిన రెట్ట శుభ్రమైన డబ్బాలో వేసుకోండి. ఇంటి దగ్గరే అరనిమిషం వీడియో తియ్యండి, ఎందుకంటే కొత్త చోట కోడి జబ్బును దాచుకుని నిటారుగా నిలబడుతుంది, డాక్టరుకు ఏమీ కనిపించదు. ఇంతవరకు వేసిన మందుల అట్టలు కూడా పట్టుకుపోండి. తిరిగొచ్చాక గడ్డి కాల్చెయ్యండి, ట్రే సబ్బుతో కడిగి బ్లీచింగ్ నీళ్లు పోసి ఎండలో ఆరేయండి, చెప్పులు కూడా కడగండి. ఆ కోడిని రెండు వారాలు విడిగా ఉంచండి.

చివరిది, "చచ్చాక చూపిస్తే చాలు". ఒక్క కోడి కోసం పోవడం దండగ అన్న మాట తప్పు, దాని ప్రాణం దానికుంది. కానీ మిగతా మాటలో నిజం ఉందని ఒప్పుకోవాలి. మందలో ఒక్కొక్కటీ నీరసిస్తూ, వాటిలో ఒకటి రాత్రి పోతే, బతికున్నదాన్ని ఊపుకుంటూ తీసుకెళ్లడం కన్నా ఆ చచ్చినదాన్ని కోసి చూస్తే డాక్టరుకు ఎక్కువ తెలుస్తుంది. పేగుల్లో పురుగులున్నాయా, కాలేయం మీద మచ్చలున్నాయా, గాలి సంచుల్లో చీము పట్టిందా, అన్నీ కనిపిస్తాయి. అయితే పొద్దున్నే తీసుకెళ్లాలి. చేతికి కవరు తొడుక్కుని రెండు పాలిథిన్ సంచుల్లో ఒకదాంట్లో ఒకటి వేసి మూతి కట్టి, చుట్టూ ఐస్ పెట్టిన థర్మాకోల్ డబ్బాలో పెట్టండి. ఫ్రీజర్‌లో పెట్టకండి, గడ్డకట్టి కరిగితే కండా పేగూ పాడై ఏమీ తేలదు. ఒకేసారి నాలుగైదు పోయి ఉంటే మాత్రం ఆ డబ్బా కూడా కట్టొద్దు, డాక్టరునే ఇంటికి పిలిపించండి.