అమెరికా సబ్సిడీ జాబితా చూపించి కౌలు రైతు నోరు మూయించొద్దు

అమెరికాలోని ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) రైతుల సబ్సిడీ జాబితా వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. పేర్లు, పక్కన డాలర్లు. కింద ఇలా రాశారు: "అక్కడ ప్రతి రైతుకూ ఏటా కోట్లు ఇస్తారు. పంట వేసినా వేయకపోయినా ఇస్తారు. అదీ భూమి ఉన్నవాడికే. మరి రైతుబంధును తప్పుపట్టడం ఎందుకు?"

ముందు ఆ "ఏటా కోట్లు" సంగతి. ఇలాంటి జాబితాలను ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ ప్రభుత్వ రికార్డుల నుంచి తయారు చేస్తుంది. 1995 నుంచి ఇచ్చిందంతా కలిపి చూపిస్తుంది. ఆ మొత్తాన్ని ఒక్క ఏడాది సొమ్ముగా చదవడమే అసలు పొరపాటు. అక్కడి 2018 వ్యవసాయ చట్టం ప్రకారం ధర, ఆదాయ మద్దతు పథకాల కింద మనిషికి ఏడాదికి 1,25,000 డాలర్లే గరిష్ఠం. 2025లో దాన్ని 1,55,000 చేశారు. భాగస్వామ్యం పెట్టుకుని ఒకే కమతం మీద నాలుగైదు పరిమితులు వాడుకునే పెద్ద రైతులున్న మాట నిజం, అది తప్పే. కానీ అందరూ వాళ్లు కారు.

"ప్రతి రైతుకూ" అన్నది కూడా అబద్ధం. 2017 వ్యవసాయ గణన చూస్తే ప్రభుత్వ సొమ్ము అందిన కమతాలు మూడో వంతు కూడా లేవు. ఈ మద్దతు పథకాలు మొక్కజొన్న, సోయా, గోధుమ, వరి, పత్తి, వేరుశనగ లాంటి పంటలకే. కూరగాయలు, పండ్లు పండించేవాళ్లు వీటిలోకి రారు.

పంట వేయకపోయినా ఇస్తారన్నది సగం నిజం. లెక్క కట్టేది ఈ ఏడాది వేసిన పంట మీద కాదు, పాత రికార్డుల్లో ఆ భూమికి రాసి ఉన్న ఎకరాల మీద. అయితే ధర గానీ ఆదాయం గానీ పడిపోతేనే డబ్బు వస్తుంది. ఏమీ పడిపోకుండానే ఏటా ఇచ్చే పద్ధతిని 2014 చట్టంతో ఆపేశారు. నేల కోత ఆపడానికి పదేళ్లు, పదిహేనేళ్లు భూమిని బీడు పెడితే ప్రభుత్వం కట్టే అద్దె వేరే పథకం.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించింది చివరి మాట, "భూమి ఉన్నవాడికే" అన్నది. అమెరికా సాగుభూమిలో పదింట నాలుగు వంతులు కౌలుదే. ఈ మద్దతు సొమ్ము విషయంలో అక్కడి నిబంధన సూటిగా ఉంటుంది: పంట నష్టం ఎవరి నెత్తిన పడుతుందో డబ్బు వాళ్లకే. కౌలు రొక్కంగా కడితే సొమ్మంతా సాగుచేసేవాడికే, యజమానికి ఏమీ రాదు. పంటలో పాలు ఇచ్చే ఒప్పందమైతే ఇద్దరికీ ఆ పాలు ప్రకారమే పంచుతారు. సబ్సిడీ వస్తోంది కదా అని యజమాని కౌలు పెంచేస్తాడు, ఆ బాధ అక్కడా ఉంది. కానీ కాగితం మీద హక్కు మాత్రం కౌలుదారుదే.

2018 మేలో మొదలైన రైతుబంధు పట్టాదారు పాసుబుక్కు చూసి ఎకరానికి ఇంత అని ఇచ్చింది. విత్తనం, ఎరువు, కూలి అన్నీ అప్పు తెచ్చి పెట్టిన కౌలుదారుకు ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆంధ్రలో 2019 చట్టంతో సాగుదారు హక్కుల కార్డు వచ్చింది గానీ, దానికి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెట్టనంటే కార్డు లేదు. ఇవన్నీ చెప్పకుండా ఆ కౌంటీ జాబితా చూపించి కౌలు రైతు అడిగేది తప్పు అంటే ఎలా ఒప్పుకుంటాం?