బైపోలార్‌లో ఆత్మహత్య ముప్పు: ఏ వారం ప్రమాదకరం?

బైపోలార్ (మేనియా అనే అతి ఉద్రేక దశ, డిప్రెషన్ దశ మారిమారి వచ్చే మానసిక జబ్బు) ఉన్నవాళ్లలో ఆత్మహత్య మరణాలు సాధారణ జనంలో కన్నా 20 నుంచి 30 రెట్లు ఎక్కువని అంచనా. ఈ అంకె చూసి ఇంట్లోవాళ్లు బెంబేలెత్తిపోతారు. కొందరు డాక్టర్లు ఫైలు మీద ‘హై రిస్క్’ అని రాసి ఊరుకుంటారు. రెండిటివల్లా ఒరిగేదేమీ లేదు. అది వేలమంది జీవితాలను కలిపి తీసిన లెక్క. ఎదురుగా ఉన్న మనిషికి ఈ రాత్రి ఎలా గడుస్తుందో అది చెప్పదు. 50 ఏళ్ల పరిశోధనల్లోంచి 365 అధ్యయనాలను కలిపి 2017లో ఒక విశ్లేషణ చేశారు. ముప్పు కారణాలుగా మనకు తెలిసినవాటిని బట్టి ఎవరు ఆత్మహత్యకు ప్రయత్నిస్తారో చెప్పడం, నాణెం ఎగరేసి చెప్పడం కన్నా కాస్త మెరుగు, అంతే అని తేలింది. స్కోర్లు వేసి భవిష్యత్తు చెప్పే పని పెట్టుకోవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022లో మార్గదర్శకాల్లోనే రాసింది.

అయితే బైపోలార్‌లో ఒక వెసులుబాటు ఉంది. ముప్పు ఏడాది పొడవునా ఒకే మట్టంలో ఉండదు, జబ్బు దశలతోపాటు పెరిగి తగ్గుతుంది. ఆ దశలను చాలావరకు పసిగట్టవచ్చు. కాబట్టి ఎవరికి ముప్పు అన్నదానికన్నా ఎప్పుడు అన్నదే పనికొచ్చే ప్రశ్న.

ఇంట్లోవాళ్ల భయమంతా మేనియా చుట్టూనే తిరుగుతుంది. అరుపులు, అప్పులు, నిద్రలేని రాత్రులు అందరి కంటా పడతాయి మరి. కానీ రోగి ఎక్కువకాలం మగ్గేది డిప్రెషన్‌లో. బైపోలార్-1 (పూర్తి స్థాయి మేనియా వచ్చే రకం) ఉన్నవాళ్లను దాదాపు 13 ఏళ్లపాటు గమనించి 2002లో వెలువరించిన అధ్యయనంలో, వాళ్ల వారాల్లో 32 శాతం డిప్రెషన్ లక్షణాలతో, 9 శాతం మేనియా లేదా హైపోమేనియాతో (మేనియాకు తేలిక రూపం) గడిచాయి. ఆత్మహత్య ముప్పు ఎక్కువగా పెరిగేదీ ఆ డిప్రెషన్ వారాల్లో, డిప్రెషన్ మేనియాతో కలిసి వచ్చే వారాల్లో. ‘బైపోలార్-2 అంటే తేలికపాటిదే’ అన్న మాట కూడా తప్పు. అక్కడ మేనియా తీవ్రత తక్కువేగానీ, ఆత్మహత్య ముప్పు దాదాపు అంతే.

అన్నిటికన్నా తక్కువగా గుర్తిస్తున్నది మిశ్రమ దశ. మామూలు డిప్రెషన్‌లో మనసు ఎంత కుంగినా ఒళ్లు సహకరించదు, మంచం దిగడమే గగనమవుతుంది. మిశ్రమ దశలో అదే నిరాశకు మేనియా వేగం తోడవుతుంది. రాత్రి రెండు దాటినా గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు పచార్లు. ఆలోచనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి, అన్నీ నల్లటివే. చిన్న మాటకు విరుచుకుపడతారు, పది నిమిషాలకే ఏడుస్తారు. పొద్దున్నే లేచి పనులు చేస్తుంటే ‘పర్లేదు, ఉత్సాహం వచ్చింది’ అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఉత్సాహంలో సంతోషం ఉందా, లేదా అని చూడాలి. నిద్ర ఏడు గంటల నుంచి నాలుగుకు పడిపోయి, ముఖంలో మాత్రం వెలుగు లేకపోతే, అపాయింట్‌మెంట్ వచ్చేదాకా ఆగకుండా అదే రోజు సైకియాట్రిస్టుకు ఫోన్ చేయాలి.

ఈ దశ కొన్నిసార్లు మందుచీటీతోనే మొదలవుతుంది. తొలి లక్షణాలకూ సరైన నిర్ధారణకూ మధ్య ఏళ్లు గడిచిపోవడం ఈ జబ్బులో మామూలు. ఈలోగా మామూలు డిప్రెషన్ అనుకుని యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే, కొందరిలో మూడ్ మేనియా వైపు ఎగదన్నుతుంది లేదా మిశ్రమ దశలోకి జారుతుంది. అందుకే మందు మొదలెట్టేముందు ‘నిద్ర తక్కువైనా అలసట లేకుండా, మాటలు గడగడా వచ్చేసిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా?’ అని రోగినీ, ఇంట్లోవాళ్లనూ విడివిడిగా అడగాలి. హైపోమేనియాను రోగి జబ్బుగా గుర్తుంచుకోడు, తనకు కలిసొచ్చిన కాలంగా గుర్తుంచుకుంటాడు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక మొదటి వారం, ఆ తర్వాతి మూడు నెలలు మరో గండం. వార్డులో పగలూ రాత్రీ కాపలా ఉంటుంది, ఇంటికి రాగానే అదంతా ఒక్కసారిగా పోతుంది. పైగా పోయిన ఉద్యోగం, మేనియాలో చేసిన అప్పు, తెగిన బంధాలు అప్పుడే కళ్లముందుకొస్తాయి. నెల తర్వాత రమ్మనడం ఇక్కడ సరిపోదు. వారంలోపే కలవాలి, మధ్యలో ఫోన్ చేయాలి. మద్యం తాగేవాళ్లకూ, గతంలో ప్రయత్నం చేసినవాళ్లకూ ఇది మరీ ముఖ్యం. పాత ప్రయత్నాన్ని ‘బెదిరించడానికి చేశాడులే’ అని కొట్టిపారేయకూడదు. ఈ జబ్బులో ప్రయత్నం ప్రాణం తీసే అవకాశం మామూలు జనంలో కన్నా ఎక్కువ.

ఇక బైపోలార్‌లో మూడ్‌ను నిలకడగా ఉంచడానికి వాడే లిథియం. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దాని ప్రభావాన్ని వెల్లడించినప్పటి నుంచీ ఇంతకాలం నిలిచిన మూడ్ మందు మరొకటి లేదు. 48 ట్రయల్స్‌ను కలిపి 2013లో చేసిన విశ్లేషణలో, మూడ్ జబ్బులున్నవాళ్లలో ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి మాత్రతో) పోలిస్తే ఆత్మహత్యలు 60 శాతానికి పైగా తగ్గినట్టు కనిపించింది. తర్వాత అమెరికా మాజీ సైనికులు 519 మందితో చేసిన ట్రయల్‌లో ఆ మేలు కనబడలేదు. అయితే వాళ్లలో ఎక్కువమందిది బైపోలార్ కాదు, మందు సరిగ్గా వాడినవాళ్లూ తక్కువే. ఆ ఒక్క ట్రయల్‌తో లిథియాన్ని పక్కన పెట్టేయడం తొందరపాటే.

మందు కన్నా దాన్ని వాడే పద్ధతిలోనే ఎక్కువగా దెబ్బతింటున్నాం. రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్ష చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు చేయాలి. ఉదయం మాత్ర మింగేసి ల్యాబ్‌కు వెళ్తే వచ్చే అంకె తప్పు. దీర్ఘకాలం వాడేటప్పుడు సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ ఉండేలా చూస్తారు. కిడ్నీ, థైరాయిడ్, కాల్షియం ఆరునెలలకోసారి చూడాలి. ఒంటినొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకున్నా, కొన్ని బీపీ మందులు కలిసినా, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా మోతాదు మారకుండానే రక్తంలో లిథియం పెరుగుతుంది. చేతులు గట్టిగా వణకడం, నడక తూలడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. బాగుందని ఒక్కసారిగా ఆపేయడం మాత్రం అసలు వద్దు. ఆపాల్సివస్తే డాక్టరు పర్యవేక్షణలో కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలలు తీసుకుని తగ్గించాలి. గబుక్కున ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఆత్మహత్య ముప్పూ పెరుగుతుంది.

అడగడం దగ్గర చాలామంది జంకుతారు. అడిగితే లేని ఆలోచన కలుగుతుందన్న భయం నిజం కాదని అధ్యయనాలు చెబుతున్నాయి. ‘పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?’ అని అడిగితే వచ్చేది ‘లేవు’ అనే. ‘చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించావా? ఈ రోజుల్లోనేనా?’ అని నిదానంగా, ఒకటి తర్వాత ఒకటి అడగాలి. ఔనంటే వాదించకూడదు, ఒట్టు వేయించుకోకూడదు, ఒంటరిగా వదలకూడదు. ఆలోచనకు పథకం తోడైతే ఎమర్జెన్సీకే తీసుకెళ్లాలి. మందులు తాళంలో పెట్టి వారానికి సరిపడానే బయట ఉంచాలి, ప్రమాదకరమైనవేవీ చేతికి అందనివ్వకూడదు. ఆ తీవ్రత చాలాసార్లు గంటల్లోనే తగ్గుతుంది, ఆ గంటలు దాటించడమే అప్పటి పని.

భద్రతా ప్రణాళిక రాసుకోవాల్సింది మూడ్ నిలకడగా ఉన్నప్పుడు. ఒకే కాగితం, రోగి సొంత మాటల్లో: ముప్పు వస్తోందని నాకెలా తెలుస్తుంది, ఒక్కణ్నే ఉన్నప్పుడు ఏం చేస్తాను, ఎవరి దగ్గరికి వెళ్తాను, ఎవరిని సాయం అడుగుతాను, ఏ డాక్టరు, ఏ హెల్ప్‌లైన్, ఇంట్లో ఏవి నాకు అందకుండా పెట్టాలి. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లకు ఇలా రాయించి, తర్వాత ఫోన్‌లో పలకరిస్తూ ఉంటే ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన దాదాపు 45 శాతం తగ్గిందని 2018లో ఒక అమెరికా అధ్యయనం చూపింది. మొదటి గడిలో ‘బాధగా ఉన్నప్పుడు’ అని రాస్తే చాలదు. ‘రెండు రాత్రులు వరసగా నాలుగు గంటలే పడుకుని, ఎవరి ఫోనూ ఎత్తనప్పుడు’ అని రాస్తే ఇంట్లోవాళ్లూ గుర్తుపడతారు. దశ మారినప్పుడల్లా ఆ కాగితం తీసి చూసుకోవాలి. అందులోని ఫోన్ నంబర్లు పనిచేస్తున్నాయో లేదో ఒకసారి డయల్ చేసి మరీ చూడాలి.