కిడ్నాప్ చేసినామె అమ్మ అవుతుందా: మా ఇంట్లో ఒక సీరీస్ గొడవ

మా ఇంట్లో ఆస్తి గొడవల్లేవు గానీ సీరీస్ గొడవలు మాత్రం దండిగా ఉన్నాయి. మొన్న పండక్కి మా తమ్ముడు కిట్టు వచ్చి "వదినా, అదిరిపోయే థ్రిల్లర్ ఒకటుంది, చిన్నప్పుడే తనని ఎత్తుకొచ్చారని ఒక పిల్లకి 16 ఏళ్ళకి తెలుస్తుంది" అని ఊరించి ఫైండింగ్ కార్టర్ పెట్టాడు. అమెరికాలో ఎమ్‌టీవీలో 2014 జులైలో మొదలై 2015 డిసెంబర్‌తో ఆగిపోయింది, రెండు సీజన్లు, 36 ఎపిసోడ్లు. కార్టర్ అనే అమ్మాయి ఫ్రెండ్స్‌తో రాత్రిపూట మూసేసిన రంగులరాట్నం ఎక్కి పోలీసులకి దొరుకుతుంది, స్టేషన్‌లో తేలేదేంటంటే ఇన్నాళ్ళూ అమ్మ అనుకున్న లోరీ తనని మూడేళ్ళప్పుడు ఎత్తుకొచ్చిందని, అసలు పేరు లిండన్ అని, టేలర్ అని ఒక కవల చెల్లి కూడా ఉందని. లోరీ పరార్, కార్టర్ అసలు ఇంటికి. మా ఆవిడ ఒక సంతాన సాఫల్య కేంద్రంలో కౌన్సెలర్, అది ముందే చెప్తున్నా, ఎందుకంటే గొడవ అక్కడే ముదిరింది. ఇక్కడ ఆవిడ పార్టీ పేరు వదిన. ఇక ముందంతా కథ చెప్పేస్తారు, చూడాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

కిట్టు: ముందు నువ్వు ఒప్పుకో వదినా, మొదటి ఎపిసోడ్‌కి నువ్వు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయావ్.

వదిన: ఒప్పుకున్నా, మొదటి ఎపిసోడ్ బాగుంది, గిన్నె మాడిపోయింది, అయితే ఏంటి? మిగతా వాటికి కూరగాయలు తరుక్కుంటూ చూసా, ఎక్కడా చెయ్యి తెగలా. థ్రిల్లర్ అన్నావు కదరా నువ్వు! పోలీసులు వెతకాలి, ఆమె తప్పించుకోవాలి, మనకి గుండె దడదడ కొట్టుకోవాలి. ఇక్కడ ఆ పిల్ల కిడ్నాప్ సంగతి తెలిసిన వారానికే బాయ్‌ఫ్రెండు, పార్టీ, స్కూల్లో గొడవలు...

కిట్టు: అది టీనేజ్ పిల్లల చానెల్ వదినా, వాళ్ళ ఆడియన్స్ వాళ్ళకుంటారు. అయినా నువ్వు దడదడ బయట వెతుకుతున్నావ్, దడ ఇంట్లో ఉంది. ఆ ఇంట్లోకి అడుగు పెట్టిన అమ్మాయి ఎవర్నీ అమ్మా నాన్నా అనదు, పైగా వాళ్ళనే దొంగల్లాగా చూస్తుంది, తనని పెంచిన లోరీ కోసం ఏడుస్తుంది. అసలు తల్లి ఎలిజబెత్ పోలీస్ డిటెక్టివ్, 13 ఏళ్ళు పిల్ల కోసం వెతికి వెతికి రాయి అయిపోయిన మనిషి, పిల్ల దొరికాక దాన్ని ఎలా ముట్టుకోవాలో తెలీక గుమ్మంలో నిలబడిపోతుంది. నాకైతే అదే థ్రిల్లర్.

వదిన: ఆవిడ బానే చేసింది, ఆవిడ మీద నాకేం కోపం లేదు. ఆ నాన్న సంగతి చెప్పు.

కిట్టు: డేవిడ్ క్యారెక్టర్ సూపర్ కదా! పిల్ల పోయిన బాధ మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు, ఇప్పుడు పిల్ల దొరికితే దాని మీద ఇంకో పుస్తకం ఇంట్లోవాళ్ళకి తెలీకుండా రాస్తుంటాడు. అంత నీచం, అంత నిజం! పక్కన కూర్చుని "ఎలా ఉన్నావమ్మా" అని అడుగుతుంటే అది ప్రేమతో అడుగుతున్నాడా రెండో చాప్టర్ కోసం అడుగుతున్నాడా అని మనకి డౌట్.

వదిన: అదీ నేననేది. ఆ ఒక్క పాయింట్ పట్టుకుని సీజన్ మొత్తం నడపొచ్చు కదా. బంగారం లాంటి పాయింటు చేతిలో పెట్టుకుని, దాన్ని పక్కన పడేసి కొట్టు దోపిడీలోకి వెళ్ళిపోయారు, తుపాకీ కాల్పులు, మాక్స్ అనే పిల్లాడికి బుల్లెట్టు. కిడ్నాప్ కథకి బుల్లెట్ దేనికిరా? వంకాయ కూరలో పంచదార పోసినట్టు.

కిట్టు: గుత్తొంకాయలో బెల్లం వేస్తారు వదినా.

వదిన: చిటికెడు వేస్తారు, కేజీ కాదు.

(ఇక్కడిదాకా నవ్వులాటే. తర్వాత మా ఆవిడ కత్తిపీట పక్కన పెట్టేసింది, అంటే విషయం సీరియస్ అని అర్థం.)

వదిన: నాకు అసలు మండింది ఆ ట్విస్టుకి. లోరీ ఎవరయ్యా అంటే ఆ దంపతులకి ఎగ్ డోనర్ అంట. కవలలిద్దరూ ఆమె ఇచ్చిన అండాలతోనే పుట్టారంట, కాబట్టి రక్తం లెక్కన లోరీయే తల్లి అంట! అప్పటిదాకా నాకు ఉన్న కాస్త గౌరవం కూడా పోయింది.

కిట్టు: అయ్యో, సీరీస్ మొత్తానికి హైలైట్ అదే కదా. దొంగ అనుకున్న మనిషి మీద ఒక్కసారిగా జాలి వస్తుంది. తనది అనుకున్న పిల్లని తను తెచ్చుకుంది, తప్పే, కానీ ఊరికే పిచ్చి పట్టి ఎత్తుకెళ్ళలేదు, ఒక కారణం ఉంది.

వదిన: ఏ కారణంరా? మా దగ్గరికి వచ్చే డోనర్ అమ్మాయిలని నేను రోజూ చూస్తా. మన దగ్గర 2021లో చట్టం వచ్చింది, 23 నుంచి 35 ఏళ్ళ లోపు వాళ్ళే ఇవ్వాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడుకి మించి అండాలు తీయకూడదు, పుట్టే బిడ్డ మీద ఆమెకి ఏ హక్కూ ఉండదు. అమెరికాలో రూల్స్ వేరే ఉండొచ్చు గానీ అక్కడా ముందు కాగితాలు రాసుకునే చేస్తారు. మొన్నొక అమ్మాయి వచ్చింది, పాతికేళ్ళుంటాయేమో, ఫారం అంతా చదివి వినిపించా, సంతకం పెట్టే చోట పెన్ను ఆపి "పుట్టాక ఒక్కసారి చూడొచ్చా మేడమ్" అంది. కుదరదమ్మా అన్నా. కాసేపు ఆ గీత మీదే పెన్ను ఆనించి కూర్చుంది, చుక్క పడిపోయి ఇంకు పాకింది కాగితం మీద. తర్వాత సంతకం పెట్టేసి "ఆళ్ళు బాగా చూసుకుంటారులే" అని తనకి తనే చెప్పుకుని వెళ్ళిపోయింది. అలాంటి వాళ్ళందర్నీ పట్టుకుని, వీళ్ళు ఎప్పటికైనా వచ్చి పిల్లల్ని ఎత్తుకెళ్ళిపోతారు అన్నట్టు చూపిస్తే ఎలా ఉంటుంది నాకు?

కిట్టు: ...నువ్వు ఆ అమ్మాయి సంగతి మాకెప్పుడూ చెప్పలేదు.

వదిన: చెప్పకూడదు కూడా. పేరు చెప్పలేదుగా, వదిలెయ్.

కిట్టు: సరే వదినా, కానీ ఒక మాట. ఆ ఇంకు చుక్క చూసి నువ్వే ఇంత కదిలిపోయావు కదా. ఆ చుక్క దగ్గర ఆగిపోయిన ఒక మనిషి లోరీ అనుకో. సీరీస్ చెప్పేది డోనర్లందరూ దొంగలని కాదు, ఒకామెకి ఆ చుక్క ఆరలేదు అని.

వదిన: మాటలు బానే నేర్చావ్. అదే నిజమైతే కవలలిద్దరూ ఆమె రక్తమే కదా, ఒక్కదాన్నే ఎందుకు ఎత్తుకెళ్ళింది? టేలర్ ఏం పాపం చేసింది? తల్లి ప్రేమ ఆగలేక తెచ్చుకున్న మనిషి రెండో బిడ్డని పార్కులో బొమ్మ వదిలేసినట్టు వదిలేసి పోతుందా? నాకు సరిపడే జవాబు ఇప్పటిదాకా దొరకలా. టేలర్ అయినా ఒక్కసారి గట్టిగా అడగాలి కదా, నన్నెందుకు వద్దనుకుంది అని. ఆ ఒక్క సీన్ సరిగ్గా రాస్తే నేను వీళ్ళ బుల్లెట్లన్నీ క్షమించేదాన్ని.

కిట్టు: అది... ఆ పాయింట్ కరెక్టే.

వదిన: ఇంకోటి విను. ఆ ట్విస్ట్ ఎందుకు పెట్టారో తెలుసా? భయపడి పెట్టారు. మొదటి ఎపిసోడ్‌లో అడిగిన ప్రశ్న ఏంటి, దొంగిలించిన మనిషి అమ్మ అవ్వగలదా అని. భలే ప్రశ్న. దానికి జవాబు చెప్పే ధైర్యం లేక, ఆఁ ఏం లేదండీ ఆమె నిజంగానే అమ్మ అని రక్తం తెచ్చి పూసేసారు. పోన్లే అని సరిపెట్టుకుందామంటే, రెండో సీజన్‌లో బెన్ అని ఇంకో కొడుకుని దింపారు, డేవిడ్‌కీ లోరీకీ పుట్టినవాడంట! ఇక ఇది కిడ్నాప్ కథ ఏంటి, సాయంత్రం ఏడున్నర సీరియల్.

కిట్టు: బెన్ విషయంలో నేను నీ పార్టీనే. కానీ పెంపకానికి రక్తం అడ్డేసారు అంటే మాత్రం ఒప్పుకోను, మన దగ్గర యశోద లేదా? పెంచిన అమ్మే అమ్మ అని మనమే చెప్పుకుంటాం కదా, ఎవరైనా దేవకి పాటలు పాడతారా?

వదిన: యశోద దొంగతనం చేసిందా? వసుదేవుడే అర్ధరాత్రి యమున దాటి తెచ్చి పక్కన పడుకోబెట్టాడు, ఆమెకి తెలీనే తెలీదు. పైగా అక్కడ బిడ్డ పోయింది ఎవరికిరా? యశోద కన్న ఆడపిల్లని ఆయన ఎత్తుకెళ్ళి కంసుడి చెరసాల్లో పెట్టాడు. ఆ లెక్కన కిడ్నాప్ అయింది ఆ ఆడపిల్ల, నష్టపోయింది యశోద. దాని గురించి ఒక్కళ్ళూ ఏడవరు.

(నేను టీ తెస్తూ ఆగిపోయా. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట నాకెప్పుడూ తట్టలేదు.)

కిట్టు: దెబ్బ కొట్టావ్ వదినా. సరే పురాణం వదిలెయ్, నిజం కేసుకే వద్దాం. అమెరికాలో 1998లో జాక్సన్‌విల్ ఆస్పత్రిలో నర్సు లాగా వచ్చిన ఒకామె పుట్టి కొన్ని గంటలైన పాపని ఎత్తుకెళ్ళింది, కమాయా మోబ్లీ కేసు. 2017లో దొరికే టైముకి ఆ అమ్మాయికి 18 ఏళ్ళు. ఎత్తుకెళ్ళినామెకి 18 ఏళ్ళ జైలు పడింది, కానీ ఆ అమ్మాయి ఆమెని అమ్మ అనడం మానలేదు. కాబట్టి కార్టర్ లోరీ కోసం ఏడవడం అబద్ధం కాదు, రాసినవాళ్ళు గాల్లోంచి తియ్యలేదు.

వదిన: ఇదిగో, నువ్వే నా కేసు వాదిస్తున్నావ్. ఆ అమ్మాయికీ ఆ దొంగకీ రక్తసంబంధం ఉందా? లేదు. అయినా అమ్మే అంది. అది చూపించాలి! డీఎన్‌ఏ లేకుండా కూడా ప్రేమ ఉంటుంది, తప్పు తప్పుగానే ఉంటుంది, రెండూ ఒకే ఇంట్లో ఒకే కంచంలో తింటాయి. చూసేవాడికి నిద్ర పట్టకూడదు. మన దగ్గరా జరిగాయిగా, 2018లో కోఠి ప్రసూతి ఆస్పత్రిలో టీకా వేయిస్తానని పసిపాపని తీసుకుపోతే బీదర్‌లో దొరికింది. దొరికింది కాబట్టి సరిపోయింది, దొరక్కపోతే ఈపాటికి ఆ పాప ఎవర్ని అమ్మా అంటూ ఉండేదో.

కిట్టు: సౌతాఫ్రికాలో ఇంకా వింత. 1997లో కేప్‌టౌన్ ఆస్పత్రిలో పోయిన జెఫనీ నర్స్ అనే పాప, 17 ఏళ్ళకి ఏ స్కూల్లో అయితే చదువుతోందో అదే స్కూల్లో సొంత చెల్లెలు చేరింది. మీరిద్దరూ అచ్చం ఒకేలా ఉన్నారే అని పిల్లలంతా అనడం, చెల్లెలు ఇంటికెళ్ళి నాన్నకి చెప్పడం, తర్వాత పోలీసులు, డీఎన్‌ఏ టెస్టు. సినిమాలో పెడితే లాజిక్ లేదంటారు.

వదిన: అదిరా థ్రిల్లర్! క్యాంటీన్‌లో పక్కపక్కన నిలబడి ఇద్దరమ్మాయిలు ఫోన్‌లో సెల్ఫీ చూసుకుంటారు, ముక్కు ఒకటే, నవ్వితే పడే సొట్ట ఒకటే, ఇద్దరికీ ఏదో అర్థమవుతుంది కానీ పైకి అనరు. బుల్లెట్ లేదు, ఎగ్ డోనర్ లేదు. నాకు ఊపిరి ఆగిపోతుంది.

కిట్టు: ముక్కూ సొట్టా నువ్వు కలిపావ్.

వదిన: కలిపా, నేనూ రాయగలను. ఇంకో సీన్ కూడా చెప్తా. న్యూయార్క్‌లో కార్లినా వైట్ అని, 1987లో 19 రోజుల పాపగా హార్లెమ్ ఆస్పత్రి నుంచి పోయింది. దాని మీదా టీవీ సినిమా తీసారు 2012లో. ఆ అమ్మాయికి అనుమానం ఎలా వచ్చింది? తను కడుపుతో ఉన్నప్పుడు బర్త్ సర్టిఫికెట్ కావాల్సొచ్చింది, అమ్మని అడిగితే అమ్మ దగ్గర లేదు. అంతే. చివరికి తప్పిపోయిన పిల్లల వెబ్‌సైట్‌లో తన చిన్నప్పటి ఫొటో తనే చూసుకుంది, 23 ఏళ్ళకి. ఒక కాగితం రా! మనం మన చిన్నదాని సర్టిఫికెట్‌లో ఒక అక్షరం తప్పు పడితే మున్సిపల్ ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగాం, గుర్తుందా, ఆ కాగితమే లేకపోతే? "ఎక్కడో పెట్టానమ్మా, వెతుకుతాలే" అని తల్లి రోజూ వాయిదా వేస్తుంటే, ఆ బీరువా తలుపు చప్పుడు చాలు నాకు.

కిట్టు: ఇప్పుడు నువ్వు చెప్పిన సీరీస్ ఎవరూ తియ్యలేదు వదినా, ఉన్నదాన్ని చూడాలి. కార్టర్‌గా వేసిన కేథరిన్ ప్రెస్కాట్ నటన చూడు, బ్రిటిష్ అమ్మాయి అని తెలీదు, ఇద్దరమ్మల మధ్య నలిగిపోయినప్పుడు ఆ మొహం! స్క్రిప్ట్ జారిన చోట కూడా ఆ పిల్ల జారలేదు.

వదిన: ఆ పిల్లకి పది మార్కులు. రాసినవాళ్ళకి మూడు, అదీ నాన్న పుస్తకం రాసే ఐడియాకి.

కిట్టు: నేను మొత్తానికి ఆరున్నర ఇస్తా.

వదిన: పొద్దున ఎనిమిది అన్నావ్.

కిట్టు: బెన్‌కి ఒకటిన్నర తీసేసా. ఇంకా ఆరు ఎపిసోడ్లు మిగిలాయి, రా కూర్చో.

వదిన: నాకొద్దు, పొద్దున్నే డ్యూటీ ఉంది. నువ్వు చూడు, టేలర్‌ని ఎందుకు వదిలేసిందో ఎక్కడైనా సరిగ్గా చెప్తే నన్ను లేపు, నిద్రలో ఉన్నా సరే లేపు.

(రాత్రి ఒంటిగంటకి మంచినీళ్ళకి లేచి చూస్తే టీవీ దాని మానాన అది నడుస్తోంది, వీడు సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, రిమోట్ పొట్ట మీద.)